ఒక్కదాన్నే చేసుకునే మగ్గం పనికి వేరే ఫోన్ నంబరు: తక్కువ ఖర్చులో ఏది మేలు?

మగ్గంపని_తణుకు | సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను తణుకులో ఇంట్లోనే మగ్గం వర్కు, బ్లౌజులు కుట్టడం చేస్తాను. పనివాళ్లు లేరు, కొలతలు తీసుకోవడం దగ్గర్నుంచి పార్శిల్ కట్టడం దాకా నేనొక్కదాన్నే.

2013 నుంచి ఒకటే నంబరు. చుట్టాలకీ అదే, కస్టమర్లకీ అదే, బ్యాంకుకీ అదే. రాత్రి పదకొండింటికి కూడా "అక్కా, నా బ్లౌజు ఎంతవరకొచ్చింది?" అని ఫోన్లు. అది ఓర్చుకుంటాను. పోయిన వారం జరిగింది మాత్రం తట్టుకోలేకపోయాను. ఒక పెళ్లికూతురు చేతుల మీద దారం రంగు మార్చమని మెసేజ్ పెట్టింది. మా చుట్టాల గ్రూపుల్లో వచ్చిన మెసేజుల కింద అది పడిపోయింది, నేను చూడలేదు. రెండు చేతులూ విప్పి మళ్లీ కుట్టాను. రెండు రోజుల పని, జరీ డబ్బులు పోయాయి. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూశాక, ఇంక వేరే నంబరు తీసుకోవాల్సిందే అనుకున్నాను.

నెలకి 200 దాటకూడదు. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి వర్చువల్ నంబరు, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని చెప్పే పద్ధతి ఇస్తాం, ఏడాదికి ఒకేసారి కట్టండి అన్నాడు. నాలాంటిదానికి అది అవసరమా? ఏ కంపెనీ, ఏ ప్యాక్ తీసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రీఛార్జ్‌షాపు_భీమవరం | సోమవారం, రాత్రి 10:52

అక్కా, ముందు ఆయనకి డబ్బులు కట్టకండి. మీ ఫోన్‌లో రెండో సిమ్‌కి చోటుందా? ఉంటే పని సగం అయినట్టే.

రెండో సిమ్ మీద నెట్ అక్కర్లేదు. మొదటి సిమ్ నెట్‌తోనే రెండు వాట్సాప్‌లూ నడుస్తాయి. ఒక నంబరు మీద మామూలు వాట్సాప్, రెండో నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. రెండూ ఒకే ఫోన్‌లో ఉంటాయి, రెండూ ఉచితమే.

కాబట్టి రెండో సిమ్‌కి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ చాలు. నెట్ వద్దనుకునేవాళ్లకి అలాంటి ప్యాక్ ఇచ్చి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో అందరూ తెచ్చారు. అప్పటి ధరలు: జియోలో 84 రోజులకి 448, 336 రోజులకి 1,748. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, 365 రోజులకి 1,849. ఏడాదిది తీసుకుంటే నెలకి సుమారు 155 పడుతుంది. ధరలు మారుతుంటాయి కనక కట్టేముందు యాప్‌లో చూసుకోండి. ఈ ప్యాకులు యాప్ మొదటి పేజీలో కనిపించవు, కిందికి జరిపి వెతకాలి. మా షాపుకొచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఇవి ఉన్నాయనే తెలీదు, అవసరం లేని నెట్‌కి డబ్బు కడుతుంటారు. చూస్తే బాధేస్తుంది.

మోటర్‌వైండింగ్_హన్మకొండ | మంగళవారం, ఉదయం 7:20

అక్కా, నాది మోటర్ వైండింగ్ షాపు, నేను గూడ ఒక్కన్నే. తమ్ముడు చెప్పింది మంచిదే గని రెండు ముచ్చట్లు జెప్త.

ఒకటి. ఒక్క ఫోన్ల రెండు సిమ్ములు ఏసినప్పుడు, ఒకదాంట్ల మాట్లాడుతుంటే రెండోదానికి కాల్ రాదు. అవతలోళ్లకు "అందుబాటులో లేరు" అని వస్తది. చానా ఫోన్లల్ల ఇట్లనే ఉంటది. బోరు మోటర్ కాలిపోయినోడు పొలం కాడ నిలవడి ఫోన్ చేస్తడు, దొరకకపోతే ఇంకో షాపుకు పోతడు. ఒక ఎండకాలమంత నాకు గట్లనే అయింది, తెల్వలే. తర్వాత పాత కీప్యాడ్ ఫోన్ల షాపు సిమ్ ఏసి బల్ల మీద పెట్టిన. చార్జింగ్ నాలుగైదు రోజులు ఆగుతది, మోటర్ చప్పుడుల గూడ గట్టిగ మోగుతది.

రెండు. కొత్త నంబరు కస్టమర్లకు ఇయ్యకు. ఇంటోళ్లకు ఇయ్యి. పన్నెండేండ్ల నుంచి నీ నంబరు ఎంతమంది ఫోన్లల్ల ఉన్నదో నీకే తెల్వది. వాళ్ల బిడ్డ పెండ్లికి నిన్ను యాదికి చేసుకున్ననాడు ఆ నంబరుకే చేస్తరు. చుట్టాలకైతే కొత్త నంబరు ఒక్క దినంల చెప్పొచ్చు.

విశ్రాంత_టెలిఫోన్స్_నెల్లూరు | మంగళవారం, ఉదయం 9:05

అమ్మా, నేను టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. హన్మకొండ అబ్బాయి చెప్పిన ఇబ్బందికి రెండో ఫోన్ కొనకుండా ఇంకో దారి ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఉంటుంది. అందులో "అందుబాటులో లేనప్పుడు" అనే దాని దగ్గర, పని సిమ్‌కి వచ్చే కాల్ ఇంటి సిమ్‌కి మళ్లేట్టు పెట్టు. నువ్వు ఇంటి సిమ్‌లో మాట్లాడుతున్నా ఆ కాల్ వెయిటింగ్‌లో వినిపిస్తుంది. కాల్ వెయిటింగ్ ఆన్‌లో ఉండాలి, అది మరచిపోవద్దు. అలా మళ్లిన కాల్ నీ సిమ్ నుంచి వెళ్లిన కాల్ కిందే లెక్క, కాబట్టి ఆ సిమ్‌కి ప్యాక్ నడుస్తుండాలి.

ఒక జాగ్రత్త. ఎవరైనా ఫోన్ చేసి, స్టార్ 401 స్టార్ కొట్టి ఫలానా నంబరు నొక్కమంటే నొక్కవద్దు. నీ కాల్స్ మొత్తం వాళ్లకి మళ్లిపోతాయి, వాటితోపాటే కాల్‌లో చెప్పే ఓటీపీలు కూడా. ఆ మోసాలు పెరిగాయనే టెలికాం శాఖ ఆ పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. సెట్టింగ్స్‌లో కుదరకపోతే కంపెనీ స్టోర్‌లో అడుగు. ఎవరో ఫోన్లో చెప్పింది మాత్రం చేయకు.

ఇంట్లో ఫైబర్ నెట్ ఉందా? ఉంటే దానితో ల్యాండ్‌లైన్ నంబరు కూడా వస్తుంది. ఊరి కోడ్‌తో మొదలయ్యే నంబరంటే ఈ మనిషి ఎక్కడికీ పోదని ఊళ్లోవాళ్లకి నమ్మకం. ల్యాండ్‌లైన్ మీద వాట్సాప్ బిజినెస్ కూడా పెట్టుకోవచ్చు, నమోదు చేసుకునేటప్పుడు వచ్చే కోడ్ కాల్‌లో చెబుతుంది.

మగ్గంపని_తణుకు | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ఫైబర్ ఉంది బాబాయ్ గారూ, పిల్లల చదువుకని పెట్టించాం. దానికి ఫోన్ కూడా వస్తుందని ఇప్పుడే తెలిసింది. కానీ మాకు కరెంటు పోతుంటుంది, అప్పుడు ఎలా?

హన్మకొండ తమ్ముడు చెప్పిన మాటతో నా ఆలోచనంతా తిరగబడింది. కొత్తది కస్టమర్లకి ఇవ్వాలనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

విశ్రాంత_టెలిఫోన్స్_నెల్లూరు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మంచి ప్రశ్న అడిగావు. పాత రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, అక్కడి బ్యాటరీలు 48 వోల్టులు పంపేవి. తుపాను వచ్చి ఊరంతా చీకటైనా ఆ ఫోన్ మోగేది. మేం రాత్రిళ్లు ఆ బ్యాటరీలకి కాపలా కాసినవాళ్లం. ఫైబర్‌కి ఆ వసతి లేదు. గాజు తీగలో కరెంటు రాదు, మీ ఇంట్లో మోడెమ్ ఆగితే ఫోనూ ఆగుతుంది. ఇన్వర్టర్ మీద మోడెమ్ పెడితేనే పనికొస్తుంది. నీది ఎక్కువగా ఫొటోలతో నడిచే పని కాబట్టి మొబైలే అసలు నంబరుగా ఉంచుకో. ల్యాండ్‌లైన్ ఉంటే ఉండనీ, దాన్ని నమ్ముకోవద్దు.

ట్యూషన్లు_కూకట్‌పల్లి | మంగళవారం, సాయంత్రం 6:10

మేడమ్, ఆ "ఒకటి నొక్కండి" పద్ధతి నేను కొన్నాను. పేరు చెప్పను. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు. అడ్మిషన్లకు ఒకటి, ఫీజులకు రెండు అని పెట్టాను. ఏది నొక్కినా చివరికి వచ్చేది నా ఫోనుకే కదా. తల్లిదండ్రులు ఆ గొంతు వినగానే, ఏదో పెద్ద కోచింగ్ సెంటర్ అనుకుని మధ్యలోనే పెట్టేశారు. ఎందుకు పెట్టేశారని తర్వాత ఒకావిడను అడిగితే, "మీరే ఎత్తుతారనుకున్నాను, మెషిన్ ఎత్తింది" అంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు నేనే చెబుతానని వస్తారు. ఆ ఒక్కటీ నేనే పోగొట్టుకున్నాను.

నలుగురైదుగురు కాల్స్ ఎత్తేవాళ్లుంటే, ఎవరు ఎత్తారో ఎవరు వదిలేశారో చూసుకోడానికి అది పనికొస్తుంది. ఒక్కరే ఉన్నచోట వద్దు. 1800 నంబరు కూడా అంతే. కాల్ చేసినవాళ్లకి ఉచితం, ఆ డబ్బు కట్టేది మనమే. ఇప్పుడు అందరికీ అన్‌లిమిటెడ్ కాల్స్ ఉన్నాయి, మనకి ఫోన్ చేయడానికి ఎవరూ డబ్బు చూసుకోవడం లేదు.

డల్లాస్_దుర్గ | మంగళవారం, రాత్రి 9:25

అక్కా, నేను మీలాంటి వాళ్ల దగ్గర బ్లౌజులు కుట్టించుకునే మనిషిని. మాది పాలకొల్లు దగ్గర, ఉండేది డల్లాస్‌లో. కస్టమర్ వైపునుంచి చెబుతాను.

మాకు పగలు, మీకు రాత్రి. మీ నిద్ర పాడుచెయ్యాలని ఎవరికీ ఉండదు, టైము గుర్తుండదంతే. నేను కుట్టించుకునే ఆవిడ వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టుకుంది. రాత్రి మెసేజ్ పెడితే "ఉదయం పది తర్వాత చూస్తాను, కొలతలు, పెళ్లి తేదీ రాసి ఉంచండి" అని దానంతటదే జవాబొస్తుంది. అది చూసినప్పట్నుంచి నేను ఫోన్ చేయడం మానేసి అన్నీ రాసి పెడుతున్నాను. ఆవిడకి నిద్ర, నాకు నిశ్చింత.

ఇంకోటి, లేబుళ్లు. ఆవిడ ప్రతి చాట్‌కీ "కొలతలు రావాలి", "మగ్గం మీద ఉంది", "మార్పు చెప్పారు" అని రంగు లేబుల్ పెడుతుంది. మీ పెళ్లికూతురు మెసేజ్ తప్పిపోయిందన్నారే, అలాంటిదానికి నిజంగా పనికొచ్చేది ఇదే. నంబరు వేరైనంత మాత్రాన మెసేజులు తప్పిపోకుండా ఉండవు. ఏ చాట్‌లో మార్పు మిగిలి ఉందో కనబడాలి.

ఇక్కడ ఇంటినుంచి చిన్న పనులు చేసుకునేవాళ్లు గూగుల్ వాయిస్‌తో ఉచితంగా రెండో నంబరు పెట్టుకుంటారు. అది అమెరికా నంబరు, మీకు పనికిరాదు. అక్కడినుంచి ఎవరైనా సలహా ఇస్తే దాని వెంట పడకండి.

లెక్కలు_గుంటూరు | బుధవారం, ఉదయం 8:15

అమ్మా, నేను చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను. పాత నంబరు కస్టమర్లకే ఉంచమన్నారు, సరే. కానీ మీ బ్యాంకు, ఆధార్, యూపీఐ అన్నీ దాని మీదే ఉన్నాయి కదా. బోర్డు మీదా, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఉండే నంబరూ, బ్యాంకు ఓటీపీ వచ్చే నంబరూ ఒకటే కావడం నాకు భయం. మోసం చేసేవాడికి మీ నంబరు వెతకాల్సిన పనే ఉండదు. కొత్త సిమ్ తీసుకున్నాక బ్యాంకునీ, ఆధార్‌నీ దానికి మార్చండి. ఆధార్‌కి కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి మార్పించుకోవచ్చు, 75 రూపాయలు. యూపీఐ యాప్ నమోదయ్యేటప్పుడు సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. భీమవరం తమ్ముడు చెప్పిన ప్యాకుల్లో ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి, ఇబ్బంది లేదు. క్యూఆర్ మారితే గోడ మీద పాతది తీసేసి కొత్తది అంటించండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ 2013 నంబరు ఎవరి పేరు మీద ఉందో ఎప్పుడైనా చూశారా? టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబరుతో లాగినైతే, ఆ నంబరు ఎవరి పేరున ఉందో వాళ్ల పేరున ఉన్న కనెక్షన్లన్నీ వస్తాయి. జీఎస్టీ ఉంటే పోస్ట్‌పెయిడ్ బిల్లు ఆ నంబరుతో తీసుకుని 18 శాతం పన్ను సర్దుకోవచ్చు. మీకు లేదనుకుంటాను, అయితే ప్రీపెయిడే మేలు.

మగ్గంపని_తణుకు | బుధవారం, సాయంత్రం 4:50

చూశాను. చేతులు చల్లబడ్డాయి.

లాగినైతే మా అన్నయ్య నంబరు కూడా కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. 2013లో నా ఆధార్ ఇంకా రాలేదు, అన్నయ్యే తన కాగితాలు ఇచ్చి సిమ్ తెచ్చాడు. అన్నయ్య కువైట్‌లో ఉన్నాడు. ఇన్నేళ్లూ అది నా నంబరే అనుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?

మోటర్‌వైండింగ్_హన్మకొండ | బుధవారం, సాయంత్రం 5:35

అక్కా, భయపడకు గని తేలిగ్గ గూడ తీసుకోకు. నేను మొదట వేరేటాయన షాపుల పని నేర్చుకున్న. బయటికొచ్చి నా షాపు పెట్టినంక గూడ ఆయన పేరు మీదున్న సిమ్మే వాడిన, ఐదేండ్లు. ఆయన మంచోడే. ఆయన పోయినంక ఒకనాడు నా ఫోన్ వానల తడిసి సిమ్ చెడిపోయింది. డూప్లికేట్ ఇయ్యమంటే "కనెక్షన్ ఉన్నాయన రావాలె" అన్నరు. ఆయన్ను యాడికెళ్లి తేవాలె? నంబరు పోయింది. ఊర్లూర్లు తిరిగి, ఎవరి బోరు కాడ ఎవరున్నరో యాదికి చేసుకుంట కొత్త నంబరు చెప్పొచ్చిన. గాకాలం నాకు పనే లేదు.

మీ అన్న సల్లగుండాలె. ఆయన వచ్చినప్పుడు మొట్టమొదలు ఆ పనే చేయించుకో.

రీఛార్జ్‌షాపు_భీమవరం | బుధవారం, రాత్రి 8:00

అక్కా, పేరు మార్పు చేస్తారు. ఇద్దరూ ఆధార్‌తో కంపెనీ స్టోర్‌కి వెళ్లాలి, నంబరు మారదు. మీ అన్నయ్య ఎప్పుడొస్తారు? అప్పటిదాకా నాలుగు పనులు. ఆ సిమ్ ఫోన్‌లోంచి తీయకండి. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి. ఎవరికీ సిమ్ ఇవ్వకండి. రీఛార్జ్ మటుకు ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి.

పోర్ట్, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారడం, చేద్దామనుకున్నా ఇప్పుడు కుదరదు. కొత్త కంపెనీ తీసుకునే వేలిముద్ర కూడా అన్నయ్యదే కావాలి. తర్వాతైతే తేలిక. పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి పంపితే కోడ్ వస్తుంది, నాలుగు రోజులు పనిచేస్తుంది. ఇప్పటి కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. సిమ్ పాడై కొత్తది తీసుకుంటే ఆ తర్వాత ఏడు రోజులు కోడ్ ఇవ్వరు. ఫోన్ కంపెనీల లెక్కలో ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకే ప్రాంతం, అంటే ఒకే సర్కిల్, హైదరాబాదులో తీసుకున్న సిమ్‌ని తణుకులో పోర్ట్ చేసినా సర్కిల్ లోపలి పోర్టే.

విశ్రాంత_టెలిఫోన్స్_నెల్లూరు | గురువారం, ఉదయం 6:40

నేను ఒక మాటకి ఎదురు చెప్పాలి. హన్మకొండ అబ్బాయి పాత నంబరే కస్టమర్లకి ఉంచమన్నాడు. ఆ మాట నిజమే, కానీ ఆ నంబరు ఇప్పుడు అమ్మాయి చేతిలో లేదు. పేరు మారేదాకా బోర్డు రాయించడం, కార్డులు కొట్టించడం ఆపాలి. కొత్తగా వచ్చేవాళ్లకి రెండు నంబర్లూ చెప్పు.

రీఛార్జ్ సంగతి కూడా వివరంగా చెబుతాను. చాలామంది, ఇన్‌కమింగ్ ఎలాగూ వస్తుంది కదా అని ప్యాక్ అయిపోయాక వదిలేస్తారు. 90 రోజులు ఆ నంబరు వాడకం లేకుండా, ఖాతాలో 20 రూపాయల కన్నా తక్కువుంటే కనెక్షన్ తీసేయవచ్చు. 20 ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఇస్తారు. తీసేశాక మళ్లీ తెరిపించుకోడానికి 15 రోజుల గడువుంటుంది. అదీ దాటితే ఆ నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్తుంది. నీ బ్లౌజు ఆర్డర్లు వాళ్లకి పోతాయి. అందుకే ఏడాది ప్యాక్ వేసి, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో తేదీ రాసుకో.

ఒక్క సిమ్‌తో వాట్సాప్ పెట్టేసి సిమ్ పక్కన పడేసేవాళ్లున్నారు, అదీ వద్దు. మెసేజింగ్ యాప్‌లు ఫోన్‌లో ఉన్న సిమ్‌తోనే ముడిపడి ఉండాలని 2025 నవంబరులో టెలికాం శాఖ ఆదేశించింది. నేను ముందు చెప్పిన ల్యాండ్‌లైన్ వాట్సాప్ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ట్యూషన్లు_కూకట్‌పల్లి | గురువారం, ఉదయం 10:20

కొత్త సిమ్ కొనేముందు ఇచ్చే నంబరుని ట్రూకాలర్‌లో వెతకండి మేడమ్. ఎవరో వాడి వదిలేసిన నంబరై ఉంటే పాత పేరే కనిపిస్తుంది. నాకిచ్చిన నంబరు మీద లోన్ రికవరీ అని ఉంది. ఒక్కరు ఎత్తితే ఒట్టు. షాపతన్ని ఇంకో నంబరు చూపించమని అడిగి మార్చుకున్నాను.

పండక్కి ఆఫర్ అని వందలమందికి ఒకేసారి ఎస్సెమ్మెస్‌లు కూడా కొట్టకండి. మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రకటనలు పంపితే, ఫిర్యాదులొచ్చినప్పుడు నంబరే ఆపేస్తారు. అడిగినవాళ్లకి స్టేటస్‌లో ఫొటో పెట్టండి, చాలు.

మగ్గంపని_తణుకు | గురువారం, మధ్యాహ్నం 3:15

అందరూ మా ఇంట్లోవాళ్లలా ఆలోచిస్తున్నారు, ఏమిచ్చి రుణం తీర్చుకోను. అన్నయ్యతో మాట్లాడాను. సంక్రాంతికి వస్తున్నాడు. కనుమ వెళ్లాక ఇద్దరం స్టోర్‌కి వెళ్తాం.

ఒక్క అనుమానం. మగ్గం పెట్టుకున్న గది ఇంటి వెనకవైపు. అక్కడ పాత సిమ్‌కి సిగ్నల్ ఒకోసారి ఉండదు. కొత్త సిమ్ ఏ కంపెనీది తీసుకోను?

రీఛార్జ్‌షాపు_భీమవరం | గురువారం, సాయంత్రం 5:00

అది నేను చెప్పలేనక్కా, మీ గదే చెప్పాలి. పక్కింటివాళ్లవో చుట్టాలవో మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు తెప్పించి, మీరు రోజూ కూర్చునేచోటే కూర్చుని ఒక్కోదాన్నుంచి కాల్ చేసి చూడండి. సాయంత్రం ఏడు తర్వాత చూడండి, అప్పుడే నెట్‌వర్క్ మీద భారం ఎక్కువ. గీతలు చూసి నమ్మకండి, మాట తెగకుండా వస్తోందా వినండి. నెలకి పది రూపాయల తేడా కోసం సిగ్నల్ లేని సిమ్ తీసుకోకండి.

మీకు ఫైబర్ ఉంది కాబట్టి సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. వెనక గదికి వైఫై అందితే పాత సిమ్ కాల్స్ కూడా దాని మీదే వస్తాయి. విడిగా డబ్బు తీసుకోరు.

మగ్గంపని_తణుకు | ఆదివారం, రాత్రి 9:30

వైఫై కాలింగ్ ఆన్ చేశాను. ఇన్నేళ్లూ ఫోన్ కోసం వరండాలోకి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు మగ్గం మీద కూర్చునే మాట్లాడుతున్నాను.

పైవాటాలో ఉండే పిన్నిగారి ఫోనూ, మా తోటికోడలి ఫోనూ తెచ్చి గదిలో చూశాను. పిన్నిగారిది బాగా వినిపించింది, ఆ కంపెనీదే నా ఆధార్ మీద కొత్త సిమ్ తీసుకున్నాను. ఇంకో నంబరు చూపించమని అడిగి, ట్రూకాలర్‌లో ఏ పేరూ లేనిది ఎంచుకున్నాను. కాల్స్ మాత్రమే ఉన్న ఏడాది ప్యాక్ వేయించాను. బ్యాంకుకి రేపు వెళ్తాను, ఆధార్ కేంద్రానికి బుధవారం. చుట్టాలకి కొత్త నంబరు పంపేశాను.

పాత నంబరు మీద వాట్సాప్ తీసి వాట్సాప్ బిజినెస్ పెట్టాను. ముందు బ్యాకప్ చేసుకున్నాను, పాత చాట్లన్నీ వచ్చాయి. వేళలు పది నుంచి ఏడు. దుర్గ చెప్పినట్టు లేబుళ్లు పెట్టాను. "మార్పు చెప్పారు" అనే లేబుల్ ఎర్ర రంగు. ఇవాళ దాని కింద మూడు చాట్లున్నాయి, రేపు పొద్దున్నే ముందు అవే చూస్తాను.